మంచం కింద బెల్లం: భయపడే కుక్కని ఇంటికి తెచ్చాక మేం చేసిన తప్పులు, నేర్చుకున్న పాఠాలు

 

మొన్న రాత్రి పదకొండింటికి నా పాత ఆఫీస్ ఫ్రెండ్ ఒకడు ఫోన్ చేశాడు. నాలుగు రోజుల కింద ఒక కుక్కని అడాప్ట్ చేసుకున్నాడు. గొంతులో ఏడుపు ఒక్కటే తక్కువ. "మామా, అది సోఫా వెనక నుంచి బయటికి రావట్లేదు. సరిగ్గా తినట్లేదు. నన్ను చూస్తేనే వణుకుతోంది. నేనంటే దానికి ఇష్టం లేదురా. రేపు వాపస్ ఇచ్చేస్తా" అన్నాడు. నేను ఒకటే అడిగా: "ఈ నాలుగు రోజుల్లో దాన్ని ఎన్నిసార్లు బయటికి లాగావు?" అటు నుంచి సౌండ్ లేదు.

ఆ ప్రశ్న నాకెలా తట్టిందంటే, నేనూ లాగాను కాబట్టి. వాడికి ఫోన్‌లో గంటసేపు చెప్పిందే ఈరోజు మీకూ చెప్తా. ఇది మా బెల్లం కథ. కొంచెం మా నాయనమ్మ కథ కూడా.

కొత్తగా చూస్తున్నవాళ్ల కోసం ఒక్క ముక్క. నేను బీటెక్ చేసి, మాదాపూర్‌లో ఐదేళ్లు కోడ్ రాసి, ఇప్పుడు కందుకూరులో మా ఇంటి మేడ మీద గదిలో కూర్చుని ఈ వీడియోలు చేస్తున్నా. ఆంధ్రలో ఇంకో కందుకూరు ఉంది, అది కాదు. శ్రీశైలం రోడ్డు మీద, తుక్కుగూడ దాటాక వచ్చే మన రంగారెడ్డి జిల్లా కందుకూరు. ఇంట్లో అమ్మ, నాన్న, నాయనమ్మ, నేను.

2025 ఆగస్టు గుర్తుందా? వీధికుక్కల మీద సుప్రీంకోర్టు కేసు నడిచింది. ఆగస్టు 11న ఢిల్లీ చుట్టుపక్కల వీధికుక్కలన్నింటినీ షెల్టర్లకి తరలించమని ఆర్డర్ వచ్చింది. ఆగస్టు 22న ముగ్గురు జడ్జిల బెంచ్ దాన్ని మార్చింది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టుకున్న చోటే వదలమంది. రేబీస్ ఉన్నవి, ఆ అనుమానం ఉన్నవి, మీద పడేవి మాత్రం వదలొద్దంది. అదే ఆర్డర్‌లో చాలామంది చూడని ఇంకో మాట ఉంది. వీధికుక్కని దత్తత తీసుకోవాలనుకునేవాళ్లు మున్సిపాలిటీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. కానీ తీసుకున్నాక ఆ కుక్క మళ్లీ వీధిలోకి రాకుండా చూసుకునే బాధ్యత వాళ్లదే. 'తెచ్చా, కుదర్లేదు, వదిలేశా' అంటే కుదరదన్నమాట.

ఆ నెలంతా నా ఫోన్ నిండా కుక్కల వీడియోలే. నాకు ఆవేశం వచ్చింది. ఇంట్లో అడిగితే అమ్మ వద్దంది. దానికి కారణం ఉంది. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబు వీధికుక్కల దాడిలో చనిపోయాడు. ఆ సీసీటీవీ వీడియో అమ్మ చూసింది. అప్పటి నుంచి గేటు బయట కుక్క కనపడితే చాలు, చేతిలో ఉన్న పని ఆపేస్తుంది. ఆ భయాన్ని తప్పు అనలేం ఫ్రెండ్స్. నేను మాత్రం "నాదీ బాధ్యత" అని గట్టిగా చెప్పి ఒప్పించా.

సెప్టెంబర్ 4, గురువారం. సిటీలో ఒక షెల్టర్ నుంచి తెచ్చా. ఆడకుక్క, వయసు ఏడాదిన్నర ఉంటుందన్నారు. ముదురు బెల్లం రంగు, అందుకే ఆ పేరు. ఒక చెవి కొస కొద్దిగా కత్తిరించి ఉంది. అది దెబ్బ కాదు. ఆపరేషన్ చేసి, రేబీస్ టీకా వేశారని గుర్తు. 2023లో వచ్చిన జంతు జనన నియంత్రణ నియమాల్లో కూడా ఈ గుర్తు ఉంది. మీ వీధిలో కుక్కల చెవులు ఒకసారి గమనించండి, ఏది అయిందో ఏది కాలేదో మీకే తెలుస్తుంది.

ఇప్పుడు నా తప్పుల లిస్ట్. వరసగా చెప్తా, రాసుకోండి.

గణేశ్ నవరాత్రులు కదా, ఇంటికి చుట్టాలొచ్చి ఉన్నారు. చిన్నపిల్లలే ఆరుగురు. కార్ దిగగానే అందరూ గుమిగూడి "బెల్లం, బెల్లం" అని అరుపులు. ఒకటో తప్పు. షెల్టర్ వాసన వస్తోందని వెంటనే బాత్రూంలోకి ఎత్తుకెళ్లి షాంపూతో స్నానం చేయించా. రెండో తప్పు. తడి ఆరకముందే ఒళ్లో కూర్చోబెట్టుకుని రీల్ తీశా. మూడోది. ఆ రీల్ ఇప్పుడు చూస్తే నాకే సిగ్గేస్తుంది. చెవులు వెనక్కి అతుక్కుపోయి ఉన్నాయి, తోక కడుపు కిందికి పోయింది, మాటిమాటికీ మూతి నాక్కుంటోంది. నేను మాత్రం కెమెరా వైపు నవ్వుతున్నా. కింద క్యాప్షన్ కూడా పెట్టా, 'హ్యాపీ బెల్లం' అని.

ఒళ్లోంచి దింపగానే నేరుగా నాయనమ్మ గదిలోకి దూరి మంచం కిందికి పోయింది. సాయంత్రం ఆరు అయ్యుంటది. శనివారం పొద్దున పది దాకా బయటికి రాలేదు. నలభై గంటలు.

ఆ నలభై గంటలు నేనేం చేశానో తెలుసా? గంటకోసారి వంగి ఫోన్ టార్చ్ వేసి చూశా. బిస్కెట్ చూపించా. పిలిచా. బతిమాలా. ఉద్యోగంలో అలవాటు కదా, బగ్ కనపడితే క్లోజ్ చేసేదాకా నిద్ర పట్టదు. ఇదీ ఒక టికెట్ అనుకున్నా. శుక్రవారం మధ్యాహ్నం ఓపిక అయిపోయి, చెయ్యి లోపలికి పెట్టి కాలర్ పట్టుకుని లాగా.

'గుర్ర్' అంది. నేను వినలేదు. ఇంకా లాగా. టక్కున నోరు మూసిన చప్పుడు. నా మణికట్టుకి అంగుళం దూరంలో గాల్లో కరిచింది. పన్ను తగల్లేదు.

అమ్మ గుమ్మం దగ్గరే నిలబడి చూసింది. "కరిచే కుక్కను తెచ్చినవ్. ఇంట్ల పిల్లలున్నరు. సోమవారం తీస్కపోయి ఇచ్చిరా" అంది. నా దగ్గర జవాబు లేదు. నిజం చెప్పాలంటే నాకూ అదే అనిపించింది. నేను మంచి మనసుతో తెస్తే ఇదేంది నా మీదికొస్తుంది అని కోపం కూడా వచ్చింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి, నాకు తర్వాత తెలిసిన విషయం చెప్తా. గుర్రుమనడం మాట్లాడటం లాంటిది. మామూలుగా కుక్క నేరుగా కరవదు. మొదట మొహం తిప్పుకుంటుంది. మూతి నాక్కుంటుంది. నిద్ర రాకపోయినా ఆవులిస్తుంది. తల కదపకుండా ఓరగా, కంట్లో తెల్లగుడ్డు కనపడేలా చూస్తుంది. బిగుసుకుపోతుంది. ఇవన్నీ 'నాకు భయంగా ఉంది, దూరం జరుగు' అని చెప్పడమే. అవేవీ మనకి ఎక్కకపోతే అప్పుడు గుర్రుమంటుంది. అదీ వినకపోతే గాల్లో కరుస్తుంది. అదీ వినకపోతేనే పన్ను దిగుతుంది. బెల్లం నాకు ముందే చాలాసార్లు చెప్పింది. చివరికి కరవగలిగీ కరవలేదు. అందుకే గుర్రుమంటే కొట్టకండి, తిట్టకండి. కొడితే ఆ హెచ్చరిక మానేస్తుంది, భయం మాత్రం అలాగే ఉంటుంది. రేపు హెచ్చరిక లేకుండానే కరుస్తుంది.

సరే, శనివారం పొద్దునకి వద్దాం.

నాయనమ్మకి ఎనభై దాటాయి. మోకాళ్లు నొప్పులు, కింద కూర్చోదు. ఆ రోజు మాత్రం చేటలో పల్లికాయ పెట్టుకుని, గోడకి ఆనుకుని కింద కూర్చుంది. మంచానికి ఆరడుగుల దూరంలో, వీపు అటు పెట్టి. నేను టార్చ్ పట్టుకుని వెళ్తే, "ఆ లైటు బంద్ చెయ్ రా. నువ్వు గూడ అవుతలికి పో" అంది.

"నలభై గంటలైంది నాయనమ్మా, తినకపోతే ఎట్లా?" అన్నా.

అప్పుడు చెప్పింది. నేనెప్పుడూ వినని విషయం.

"నేను ఈ ఇంటికొచ్చిననాడు నాకు పదమూడేండ్లు. మూడొద్దులు గా మూలకు కూసున్న. ఊరోళ్లందరొచ్చి గడ్డం పట్టి మొఖం లేపి చూసి పోయేటోళ్లు. బాగున్నది అనేటోళ్లు, నల్లగున్నది అనేటోళ్లు. ఏడుపొస్తే ఎందుకేడుస్తవ్ అని బెదిరిచ్చేటోళ్లు. మీ తాత మేనత్త ఒక్కతి వచ్చి, నన్ను సూడలె, ఏం అడగలె. పక్కకు కూసొని పల్లికాయ ఒలుసుకుంట కూసున్నది. శానసేపటికి నేనే చెయ్యి వెట్టి రెండు కాయలు ఒలిసిన. గప్పుడు నా ముంగట ఇంత అన్నం వెట్టింది."

అంతే చెప్పి మళ్లీ పల్లికాయ ఒలవడం మొదలుపెట్టింది.

నేను తలుపు దగ్గర కూర్చున్నా. గదిలో ఫ్యాన్ చప్పుడు, పల్లికాయ పగిలే చప్పుడు, అంతే. ఇరవై నిమిషాలు ఏమీ జరగలేదు. నాయనమ్మ పక్కన గిన్నెలో ఉడకబెట్టిన కోడి కార్జం ముక్కలున్నాయి. ఒక ముక్క తీసి, వెనక్కి తిరక్కుండానే మంచం వైపు దొర్లించింది. ఇంకో పది నిమిషాలు. ఒక ముక్కు కనపడింది. ముక్క మాయం. ఇంకోటి దొర్లించింది, కొంచెం ఇటు. అదీ పోయింది. చేటలో కాయలు అయిపోయే సరికి బెల్లం ముందు కాళ్లు రెండూ మంచం బయట ఉన్నాయి. నాయనమ్మ ఒక్కసారి కూడా దాని వైపు చూడలేదు.

కథ ఇక్కడే అయిపోతే బాగుండేది. కానీ నేనున్నా కదా.

శనివారం, సెప్టెంబర్ 6. హైదరాబాద్‌లో పెద్ద నిమజ్జనం, మా వీధి వినాయకుడూ ఆ రాత్రే కదిలాడు. బెల్లం బయటికొచ్చి తిన్నది కదా, ఇంక సెట్ అయిపోయిందని నా లెక్క. తొమ్మిదింటికి పట్టా కట్టి, మూత్రానికని వాకిట్లోకి తీసుకొచ్చా. కొబ్బరికాయ కొట్టడానికి గేటు బార్లా తీసి ఉంది. వీధి మొదట్లో డీజే. ఎవడో టెన్ థౌజండ్ వాలా అంటించాడు. పట్టా నా చేతిలోంచి ఎలా జారిందో తెలీదు. బెల్లం గేటు దాటి చీకట్లో కలిసిపోయింది.

నేనూ, మా కజిన్స్, వీధిలో పిల్లలూ, నాలుగు బైకులు. హెడ్‌లైట్లు, అరుపులు, "బెల్లం, బెల్లం" అని. రెండుసార్లు కనపడింది. రెండుసార్లూ మేం పరిగెత్తిన కొద్దీ అది హైవే వైపే పరిగెత్తింది. శ్రీశైలం రోడ్డు మీద రాత్రిపూట లారీలు ఎలా పోతాయో ఇటువైపు వాళ్లకి తెలుసు. పేరు పెట్టి రెండు రోజులే అయింది. ఆ పేరు దానిదని దానికింకా తెలీదు. దానికి తెలిసిందల్లా వెనక పదిమంది తరుముతున్నారని.

అందర్నీ ఆపింది మా అమ్మ. అవును, వాపస్ ఇచ్చిరమ్మన్న అమ్మే. ఎప్పుడొచ్చిందో, చేతిలో స్టీలు గిన్నె, చంకలో నాయనమ్మ మంచం కింద పరిచిన పాత గోనె సంచి. "మీరు తరుముతుంటే అది రోడ్డెక్కి సస్తది. బైకులు బంద్ చేసి ఇండ్లకు పోండ్రి" అని గట్టిగా అంది. అందరూ పోయారు.

మా వీధి చివర ఒక వెంచర్ ఉంది. తెల్ల హద్దురాళ్లు, గడ్డి, మధ్యలో సగం కట్టి ఆపేసిన ఒక ఇల్లు. ఆ ఇంటి మెట్ల కింద రెండు కళ్లు మెరిశాయి. చూసింది అమ్మే. గోనె సంచి కొంచెం దూరంలో పరిచి, దాని మీద కార్జం ముక్కలు పెట్టి, మేమిద్దరం వీపు తిప్పి కూర్చున్నాం. దోమలు. సన్నగా వాన తుంపర. ఊళ్లో డీజే ఆగే దాకా అది కదల్లేదు. అమ్మా నేనూ అంతసేపు పక్కపక్కన ఊరికే కూర్చుని ఎన్నేళ్లయిందో. అమ్మ మెల్లగా అడిగింది, "మొన్న నిన్నెందుకు కరవలేదు రా అది? కరవచ్చు కదా." నేను చెప్పా, "భయపడి చెప్పింది అమ్మా. నేనే వినలె."

ఒంటిగంట దాటాక గోనె సంచి మీద కాళ్ల చప్పుడు. తర్వాత నా మోచేతికి చల్లగా ముక్కు తగిలింది. నేను తిరగలేదు. చెయ్యి మెల్లగా నేల మీదికి జార్చి పట్టా అందుకున్నా. అమ్మ లేచి, చీర దులుపుకుని, "పా బెల్లం, ఇంటికి పోదాం" అంది. అమ్మ దాన్ని పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. సోమవారం వచ్చింది, పోయింది. వాపస్ మాట మళ్లీ రాలేదు.

ఆ రాత్రి తర్వాత మేం ఏం చేశామో, మీరేం చేయొచ్చో ఒక్కొక్కటి చెప్తా.

మొదటిది, చోటు. ఇల్లంతా చూపించకండి. ఒక గది, అందులో ఒక మూల. మంచం కింద దూరితే దూరనివ్వండి. అది దాని కోట. అక్కడికి ఎవరి చెయ్యీ పోకూడదు. నీళ్లు, తిండి దగ్గర్లో పెట్టండి. వీధికుక్క మట్టి మీద పెరిగింది. దానికి మన నున్నటి టైల్స్ మీద కాళ్లు జారతాయి. బెల్లం రెండు వారాలు హాల్ దాటలేదు. అది మొండితనం అనుకున్నాం. నాన్న గోనె సంచులు వరసగా పరిచి దారి వేస్తే, ఆ దారి మీద నడిచి మొదటిసారి వాకిట్లోకి వచ్చింది. కుక్కర్ విజిల్, మిక్సీ, పైన తిరిగే ఫ్యాన్, బీరువా అద్దం, మెట్లు... మనకి మామూలే, దానికి అన్నీ ఒకేసారి కొత్త. ఒక్కో భయం విడిగా చిన్నదే కావచ్చు. ఒకే రోజు ఐదు భయాలు పోగైతే ఆరోదానికి కరుస్తుంది.

రెండోది, చూపు, చెయ్యి. కళ్లలోకి చూడొద్దు. ఎదురుగా వెళ్లొద్దు. పైనుంచి వంగి తల మీద చెయ్యి పెట్టొద్దు. పక్కకి తిరిగి కింద కూర్చుని మీ పని మీరు చేసుకోండి. ఫోన్ చూసుకుంటారా, చూసుకోండి, సౌండ్ తగ్గించి. అది వచ్చి వాసన చూస్తే చూడనివ్వండి. ముట్టుకోవాలనిపిస్తే ఛాతీ పక్కన మూడు సెకన్లు నిమిరి ఆపేయండి. ఇంకా దగ్గరికొస్తే మళ్లీ నిమరండి. పక్కకి జరిగితే వదిలేయండి. ఇదొక్కటి ఇంట్లో పిల్లలకి కూడా నేర్పండి. చిన్నపిల్లల్నీ కొత్త కుక్కనీ పెద్దవాళ్లు లేకుండా ఒకే గదిలో ఎప్పుడూ వదలకండి. ఎంత మంచి కుక్కైనా సరే.

మూడోది, తిండి. చేతితో తినిపించి ప్రేమ చూపించాలని తొందర పడకండి. నాయనమ్మ పద్ధతే. దూరంగా వేయండి, రోజురోజుకీ దూరం తగ్గించండి. మనిషి కనపడితే మంచిది జరుగుతుందని దాని బుర్రకి అందాలి. రష్యా శాస్త్రవేత్త పావ్లోవ్ నూరేళ్ల కిందటే చూపించింది కూడా ఇలాంటిదే. తిండికి ముందు రోజూ ఒక చప్పుడు వినిపిస్తే, కొన్నాళ్లకి చప్పుడుకే కుక్క నోరూరింది. ఉడికించిన చికెన్, అన్నం, కొంచెం పెరుగు సరిపోతాయి. మన కూర మాత్రం వద్దు. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కుక్కకి విషం. ఉడికిన ఎముకలు లోపల చీలికలై గుచ్చుకుంటాయి. జ్వరం అనిపించి మన మాత్రలు వేయడం అస్సలు వద్దు, పారాసెటమాల్ కూడా.

నాలుగోది, టైం. ఒకే టైంకి తిండి, ఒకే టైంకి బయట. మొదట్లో ఇంట్లో పాడుచేస్తుంది. తిట్టకండి, ముక్కు అందులో పెట్టి రుద్దే పాత పద్ధతి అసలే వద్దు. నిద్ర లేవగానే, తిన్న వెంటనే, పడుకునే ముందు బయటికి తీసుకెళ్లండి. బయట పోస్తే అక్కడికక్కడే ఒక ముక్క ఇవ్వండి. మాకు మూడు వారాలు పట్టింది.

ఐదోది, గేటు. నేను చేసిన అతి పెద్ద తప్పు ఇదే. భయపడ్డ కుక్క కాలర్‌లోంచి తల వెనక్కి లాక్కుని జారిపోగలదు. ఛాతీ చుట్టూ వచ్చే హార్నెస్ వాడండి. పట్టా మణికట్టుకి చుట్టుకోండి. కాలర్‌కి మీ ఫోన్ నంబర్ ఉన్న బిళ్ల మొదటి రోజే వేయండి. ఒకవేళ పారిపోతే తరమొద్దు, గుంపుగా వెళ్లొద్దు. అది పడుకున్న గుడ్డ, తిండి పట్టుకుని ఒకరిద్దరు వెళ్లి కూర్చోండి.

ఆరోది, డాక్టర్. బాగానే ఉంటే మూడు నాలుగు రోజులు ఆగి తీసుకెళ్లొచ్చు. కానీ తినకపోవడం ప్రతిసారీ భయం వల్లే అనుకోవద్దు. రెండు రోజులు దాటి ఏమీ తినకపోతే, నీళ్లు ముట్టకపోతే, చిగుళ్లు పాలిపోతే, ముక్కులోంచి రక్తం వస్తే వెంటనే తీసుకెళ్లాలి. మన దగ్గర పిడుదుల వల్ల వచ్చే జ్వరం చాలా ఎక్కువ. బెల్లానికీ ఉంది, రక్త పరీక్షలో బయటపడింది. అంటే నేను 'మొండిది' అనుకున్న రోజుల్లో దానికి ఒంట్లో కూడా బాగాలేదు. దగ్గర్లో పశువుల దవాఖాన ఉంటుంది. రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ కూడా మన జిల్లాలోనే ఉంది. నట్టల మందు, రేబీస్ టీకా, ప్రతి ఏడాది బూస్టర్, ఇవి మర్చిపోకండి.

ఎవరికైనా పన్ను గీసుకున్నా, పెంపుడు కుక్కే కదా అని వదిలేయొద్దు. సబ్బుతో, పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం పెట్టొద్దు. అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. టీకా మొదలుపెడితే డాక్టర్ చెప్పిన తేదీలన్నీ పూర్తి చేయాలి. రేబీస్ లక్షణాలు మొదలయ్యాక దాదాపు ఎవరూ బతకరు. ముందే జాగ్రత్త పడితే దాదాపు ఎవరూ చావరు.

ఇప్పుడు అందరూ అడిగేది: ఎన్ని రోజులు పడుతుంది బ్రో? కుక్కల్ని కాపాడేవాళ్లు మూడు, మూడు, మూడు అని ఒక లెక్క చెప్తారు. మూడు రోజులు కంగారు తగ్గడానికి, మూడు వారాలు ఇంటి పద్ధతి తెలియడానికి, మూడు నెలలు ఇది నా ఇల్లు అనుకోవడానికి. అది గుర్తుపెట్టుకోవడానికే తప్ప డెడ్‌లైన్ కాదు. కుక్కపిల్లకి సుమారు మూడో వారం నుంచి పద్నాలుగో వారం దాకా లోకాన్ని పరిచయం చేసుకునే వయసు. ఆ రోజుల్లో మనుషుల మంచితనం చూడని కుక్కకి ఎక్కువ టైం పట్టొచ్చు.

బెల్లం పదహారో రోజు తోక ఊపింది. నాకు కాదు, నాయనమ్మకి. నెల దాటాక వెల్లకిలా పడి నిద్రపోయింది. సరే అనుకునే లోపు దీపావళి, అక్టోబర్ 20. మన చెవికి 20 వేల హెర్ట్జ్ దాకా వినిపిస్తే కుక్కకి దానికి రెట్టింపు పైనే వినిపిస్తుంది. ఈసారి ముందే రెడీ అయ్యాం. సాయంత్రం వెలుతురు ఉండగానే బయట తిప్పి, తిండి పెట్టి, లోపలి గదిలో కిటికీలు మూసి, ఫ్యాన్, టీవీ పెట్టాం. అది మళ్లీ మంచం కిందికి పోయింది. నెలన్నర కష్టం పోయిందని నాకు దిగులేసింది. నాయనమ్మ ఏమీ అనలేదు, మంచం అంచున కూర్చుని చెయ్యి కిందికి వేలాడేసింది. భయపడినప్పుడు ఓదారిస్తే భయం అలవాటవుతుందని కొందరంటారు, అది నిజం కాదు. భయం మనం ఇచ్చే బహుమతి కాదు, దగ్గర కూర్చుంటే పెరగడానికి. రాత్రి పదకొండుకి బెల్లం తల ఆ చేతి కింద ఉంది. రెండో రోజుకల్లా మామూలైంది. మొదటిసారి నలభై గంటలు పట్టింది గుర్తుందా?

ఇంకో నిజం కూడా చెప్పాలి. ప్రతి కుక్కా ఒళ్లో పడుకునే కుక్క కాదు. బెల్లం ఇప్పటికీ కొత్త మగవాళ్లు వస్తే గదిలోకి పోతుంది. నా ఫోన్ టార్చ్ వెలిగితే లేచి వెళ్లిపోతుంది. ఆ అలవాటు నేను చేసిందే, పోతుందో లేదో తెలీదు. ఇది ఒప్పుకోలేం అనుకుంటే తేకముందే ఆలోచించండి. హైదరాబాద్‌లో 1992 నుంచి అక్కినేని అమల గారు మొదలుపెట్టిన బ్లూ క్రాస్ ఉంది, వేరే షెల్టర్లూ ఉన్నాయి. వెళ్లి రెండు మూడుసార్లు కలవండి, కూర్చోండి, ఇంట్లోవాళ్లని తీసుకెళ్లండి. వీలైతే పండగల ముందు మాత్రం తేకండి.

నా ఫ్రెండ్ సంగతి చెప్పలేదు కదా. ఆ మర్నాడు వాపస్ ఇవ్వలేదు. సోఫాకి వీపు పెట్టి కింద కూర్చుని ల్యాప్‌టాప్‌లో పని చేసుకోమన్నా. తొమ్మిదో రోజు మెసేజ్ పెట్టాడు, "మామా, నేను మీటింగ్‌లో ఉండగా వచ్చి నీళ్లు తాగింది. తిరిగి చూడలేదురా, చాలా కష్టమైంది" అని. ఇంకా సోఫా వెనకే పడుకుంటోందట. పర్లేదు, పడుకోనివ్వు అన్నా.

మీ ఇంట్లో అలాంటిది ఒకటి మంచం కిందో, సోఫా వెనకో ఉంటే, ఈ రాత్రి ఇరవై నిమిషాలు లైటు తగ్గించి, దాని వైపు వీపు పెట్టి కూర్చోండి. పల్లికాయ ఉంటే ఒలవండి. రాకపోతే రేపు మళ్లీ కూర్చోండి.

ఇప్పుడు కింద నాయనమ్మ పిలుస్తోంది, బెల్లం అన్నం టైం అయింది. ఉంటా ఫ్రెండ్స్. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. నమస్తే.